పెద్దవాళ్ల తప్పుకి పిల్లల్ని లాక్కోవచ్చా? బావగారితో తెగని వాదన

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. మావారు, మా బావగారు ఇద్దరూ ఐటీలోనే. పండగలకి, సెలవులకి రెండు కుటుంబాలం కలుస్తాం. ఈ మధ్య కలిసినప్పుడల్లా మాటలు మెక్సికో సరిహద్దు మీదికే వెళ్తున్నాయి. 2018లో అమ్మానాన్నల నుంచి పిల్లల్ని విడదీసిన సంగతి నేను ఎత్తితే బావగారికి కోపం వస్తుంది. "తప్పు చేసినవాడు జైలుకి వెళ్తాడు. వాడితో పాటు పిల్లల్ని కూడా జైలుకి పంపుతారా? ఒబామా కూడా ఇదే చేశాడు. అంత ప్రేమ ఉన్నవాళ్లు పసిపిల్లల్ని ఎడారిలో ఎందుకు నడిపించారు? మనం పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం, వాళ్లు గోడ దూకి వస్తే జాలిపడాలా?" అంటారు. అది అన్యాయమని నాకు తెలుస్తూనే ఉంటుంది, కానీ గట్టిగా జవాబు చెప్పలేను. గొంతు వణుకుతుంది, కళ్లనీళ్లు వస్తాయి. "నువ్వు ఎమోషనల్ అయిపోతావమ్మా" అని నవ్వేస్తారు. మావారు "మనకెందుకు, వదిలెయ్" అంటారు. మొన్న మా తొమ్మిదేళ్ల పాప పడుకునే ముందు "అమ్మా, మన వీసా అయిపోతే నన్ను కూడా తీసుకెళ్లిపోతారా?" అని అడిగింది. నాకు మాట రాలేదు. పాపకి ఏం చెప్పాలి? బావగారికి ఏం చెప్పాలి?

సమాధానం: ముందు పాప సంగతి. బావగారితో వాదన వచ్చే పండగ దాకా ఆగుతుంది. పాప భయం అంతదాకా ఆగదు.

ఈ రాత్రే పక్కన కూర్చుని, "ఆ రోజు నువ్వు అడిగావు కదా, నేను సరిగ్గా చెప్పలేదు" అని మీరే మొదలుపెట్టండి. తను ఏం విన్నదో, విని ఏమనుకుందో ముందు అడగండి. పిల్లలు సగం విని, మిగతా సగం తామే అల్లుకుంటారు. అలా అల్లుకున్నది ఒక్కోసారి జరిగినదానికన్నా భయంకరంగా ఉంటుంది. "అలాంటివేం లేవు, పడుకో" అని మాత్రం అనకండి. అలాంటిది జరిగిందని తనకి తెలిసిపోయింది. లేదంటే ఇకముందు మిమ్మల్ని అడగడం మానేస్తుంది, భయం మాత్రం మానదు. "కొన్నేళ్ల కిందట ఇక్కడి ప్రభుత్వం కొంతమంది పిల్లల్ని అమ్మానాన్నల నుంచి వేరు చేసింది. అది తప్పని చాలామంది గట్టిగా అన్నారు. జడ్జిగారు ఆపమన్నారు. వాళ్లని మళ్లీ కలపడానికి లాయర్లు, డాక్టర్లు చాలా కష్టపడ్డారు" అని చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది అర్థమవుతుంది.

తను అడిగిన దానికి కూడా సూటిగా జవాబు ఉంది. వీసా గడువు దగ్గర పడే ముందే పొడిగించమని అర్జీ పెడతారు. నాన్న ఉద్యోగం పోయినా ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజుల దాకా వీలుంటుంది. ఏదీ కుదరకపోతే ముగ్గురూ కలిసే బయల్దేరతారు. ఆ "కలిసే" అన్న మాటే పాపకి కావాలి. ఒకసారి చెప్పి ఊరుకోకండి, మళ్లీ అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా అదే చెప్పండి. నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని మొండికేయడం లాంటివి కొన్ని వారాలు సాగితే స్కూల్ కౌన్సెలర్‌తోనో, పిల్లల డాక్టర్‌తోనో మాట్లాడండి.

ఇక బావగారు. మీ ఇంట్లో రెండు వాదనలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. సరిహద్దులో ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని తిప్పి పంపాలి అన్నది మొదటిది. వచ్చేవాళ్లకి భయం పుట్టించడం కోసం వాళ్ల పిల్లల్ని లాక్కోవచ్చా అన్నది రెండోది. బావగారు మాట్లాడుతున్నది మొదటిదాని గురించి, మీరు బాధపడుతున్నది రెండోదాని గురించి. అందుకే ఎంతసేపు మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి తగలడం లేదు. మొదటిదాంట్లో ఆయన చెప్పినదంతా ఒప్పుకోండి. ఏ దేశానికైనా సరిహద్దులు ఉంటాయి, నియమాలు ఉంటాయి, ఆశ్రయానికి అర్హత లేనివాళ్లని వెనక్కి పంపే హక్కు ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకున్నా మీ మాట ఒక్క అంగుళం కూడా తగ్గదు. కుటుంబాన్ని కలిపే తిప్పి పంపొచ్చు కదా.

జైలు పోలిక ఆయన దగ్గర ఉన్న బలమైన మాట, దాని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. 2018 ఏప్రిల్ 6న అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ 'జీరో టాలరెన్స్' విధానం ప్రకటించారు. అనుమతి లేకుండా సరిహద్దు దాటిన పెద్దవాళ్లందరి మీదా క్రిమినల్ కేసు పెట్టాలన్నది దాని సారం. ఆ చట్టం కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉంది. మొదటిసారి దాటితే అది చిన్న నేరం కిందికి వస్తుంది, గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. పిల్లలతో వచ్చినవాళ్ల మీద అంతకుముందు సాధారణంగా ఆ కేసు పెట్టేవారు కాదు. పెట్టడం మొదలయ్యాక అమ్మానాన్నలు మార్షల్స్ అనే ఫెడరల్ పోలీసుల చేతుల్లోకి, పిల్లలు ఆరోగ్య శాఖ కింద ఉన్న శరణార్థుల పునరావాస కార్యాలయం చేతుల్లోకి వెళ్లారు. పెద్దతోడు లేకుండా వచ్చే పిల్లల్ని అక్రమ రవాణా నుంచి కాపాడటానికి 2008లో చేసిన చట్టం ఒకటుంది. అలాంటి పిల్లల్ని 72 గంటల్లో ఆరోగ్య శాఖకి అప్పగించాలని అది చెబుతుంది. అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లల్ని కూడా కాగితాల మీద ఒంటరిగా వచ్చినవాళ్లుగా రాసి, ఆ దారిలోనే పంపించారు.

మామూలుగా అమెరికాలో ఒక తల్లి జైలుకి వెళ్తే ఏమవుతుందో బావగారిని అడగండి. బిడ్డని ముందు అమ్మమ్మ దగ్గరికో పిన్ని దగ్గరికో పంపే ప్రయత్నం జరుగుతుంది. ఎవరూ లేకపోతే రాష్ట్ర శిశు సంక్షేమ శాఖ తీసుకుంటుంది, కానీ అప్పుడు విచారణ ఉంటుంది, జడ్జి ఉంటారు. బిడ్డ ఎక్కడుందో తల్లికి తెలుస్తుంది. శిక్ష అయిపోయి బయటికొచ్చాక, తల్లిగా తను పనికిరాదని ఏ కోర్టూ తేల్చకపోతే, బిడ్డ తన దగ్గరికే వస్తుంది. 2018లో వీటిలో ఏ ఒక్కటీ జరగలేదు. ఈ తల్లి బిడ్డకి ప్రమాదమని ఏ జడ్జీ చెప్పలేదు. చాలామంది కోర్టులో నేరం ఒప్పుకుంటే, అప్పటికే నిర్బంధంలో గడిపిన రోజులే శిక్షగా లెక్కేసి కేసు ముగించారు. అంటే శిక్ష కొద్దిరోజుల్లో తీరిపోయింది. తిరిగొచ్చి చూసుకుంటే పిల్లలు లేరు. ఎక్కడికి పంపారో చెప్పేవాళ్లు లేరు. నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రుల్ని పిల్లలు లేకుండానే వాళ్ల దేశాలకి పంపేశారు. కొద్దిరోజుల శిక్ష పడే నేరానికి నెలల తరబడి బిడ్డని దూరం చేయడం ఏ జైలు నియమంలో ఉందో ఆయన్నే చెప్పమనండి.

పైగా చట్టం తప్పనివాళ్లకి కూడా ఇది జరిగింది. కోర్టులో ఈ పోరాటానికి మూలమైన తల్లి కాంగో దేశస్థురాలు. 2017 నవంబర్‌లో ఆరేళ్ల కూతురితో శాన్‌డియేగో దగ్గరి అధికారిక ప్రవేశద్వారానికే వచ్చి, ఆశ్రయం కావాలని అడిగింది. గోడ దూకలేదు, నది ఈదలేదు. నాలుగు రోజుల్లో కూతుర్ని తీసుకెళ్లి రెండు వేల మైళ్ల అవతల షికాగోలో పెట్టారు. అసలు తల్లో కాదో అనుమానం వచ్చిందని తర్వాత ప్రభుత్వం చెప్పింది. అనుమానం తీర్చుకోవడానికి డీఎన్‌ఏ పరీక్ష చాలు. అది చేయడానికి నాలుగు నెలలు పట్టింది, అది కూడా ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ కోర్టుకి వెళ్లాక. ఆమె తల్లే అని తేలింది. "చట్టం తప్పినవాడికి శిక్ష" అన్న మాట ఈమె దగ్గర ఎలా నిలబడుతుంది?

అసలు ఉద్దేశం ఏమిటో దాచుకున్నది కూడా పెద్దగా లేదు. 2017 మార్చిలో, సరిహద్దుల్ని చూసుకునే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకి అధిపతిగా ఉన్న జాన్ కెల్లీ, జనం ఈ ప్రయాణానికి దిగకుండా ఆపడానికి పిల్లల్ని విడదీసే ఆలోచన ఉందని టీవీలో ఒప్పుకున్నారు. 2018 మేలో ఇదే సంగతి మీద రేడియోవాళ్లు అడిగితే, పిల్లల్ని ఫోస్టర్ కేర్‌లోనో, అంటే వేరే కుటుంబాల సంరక్షణలోనో, మరోచోటో చూసుకుంటారని తేలిగ్గా అన్నారు. నేను ఎక్కువగా బాధపడేది దీని గురించే. ప్రభుత్వం ఒక పని చేస్తుంటే పిల్లలకి బాధ కలగడం ఒక రకం. పిల్లలకి కలిగే బాధనే పెద్దవాళ్లని బెదిరించే సాధనంగా పెట్టుకోవడం వేరే రకం. రెండోదాన్ని సమర్థించే కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అది పనిచేసిందా లేదా అన్న చర్చలోకి బావగారు లాగుతారు, వెళ్లకండి. విడదీసిన నెలల్లో కుటుంబాల రాక పెద్దగా తగ్గలేదు, 2019 మేలో ఒక్క నెలలోనే 80 వేల మందికి పైగా కుటుంబాలతో వచ్చి పట్టుబడ్డారు. ఆపేశారు కాబట్టే పెరిగారని ఆయన అంటారు. అంకెలు ఎటైనా తిప్పొచ్చు. ఒకవేళ పనిచేసి ఉన్నా ఒప్పుకోకూడని పని అని మీరు చెప్పగలగాలి.

"చట్టం అలా ఉంది, ప్రభుత్వం ఏం చేస్తుంది" అనే మాట కూడా వినపడుతుంది. విడదీసి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదు. ఏడుస్తున్న పిల్లల గొంతులున్న ఆడియో 2018 జూన్ 18న బయటికొచ్చి దేశమంతా విన్నాక, రెండు రోజులకే అధ్యక్షుడు ట్రంప్ ఒక్క సంతకంతో దాన్ని ఆపారు. జూన్ 26న శాన్‌డియేగో ఫెడరల్ జడ్జి డానా సబ్రా, ఐదేళ్ల లోపు పిల్లల్ని 14 రోజుల్లో, మిగతావాళ్లని 30 రోజుల్లో తల్లిదండ్రులకి అప్పగించాలని ఆదేశించారు. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్. బావగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇది ఏదో ఒక పార్టీవాళ్ల గోల అని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. బుష్ భార్య లారా బుష్ కూడా అదే నెలలో ఇది క్రూరమని, అనైతికమని పత్రికలో రాశారు.

ఆ తీర్పులో ఒక భాగం ఉంది. నిర్బంధంలోకి తీసుకున్న మనిషి దగ్గర ఉన్న డబ్బు, కాగితాలు, కారు లాంటివాటిని జాబితా రాసి, భద్రపరిచి, విడుదలప్పుడు తిరిగిస్తారు, పిల్లల విషయంలో ఆ మాత్రం లెక్క కూడా లేదు అని జడ్జి రాశారు. అది అక్షరాలా నిజం. తల్లిని పట్టుకున్న శాఖ వేరు, బిడ్డని ఉంచిన శాఖ వేరు. ఈ బిడ్డ ఈ తల్లిది అని రెండు శాఖల రికార్డుల్నీ కలిపే ఏర్పాటు లేకుండానే విడదీయడం మొదలుపెట్టారు. కోర్టు కలపమన్నాక అధికారులు ఫైళ్లు తిరగేసి, చేత్తో జాబితాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఇంకా మాటలు రాని పిల్లలు అమ్మ పేరు ఏం చెబుతారు? అమ్మ పేరు అమ్మే. రొమేనియా నుంచి వచ్చిన ఒక తండ్రి దగ్గర్నుంచి నాలుగు నెలల పసివాణ్ణి తీసుకున్నారు. ఐదు నెలల తర్వాత గానీ ఆ బిడ్డ ఇంటికి చేరలేదు. అప్పటికి వాడి జీవితంలో సగం కన్నా ఎక్కువ అమ్మానాన్నలు లేకుండానే గడిచిపోయింది.

మొత్తం మీద విడదీసిన పిల్లలు నాలుగున్నర వేలకి పైనే. 2017లోనే ఎల్‌పాసో ప్రాంతంలో ప్రయోగంగా, చడీచప్పుడు లేకుండా మొదలుపెట్టారని తర్వాత బయటపడింది. 2024 చివర్లో హ్యూమన్ రైట్స్ వాచ్ మరికొన్ని సంస్థలతో కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం 1,360 మంది దాకా పిల్లలు తల్లిదండ్రుల్ని తిరిగి కలిసినట్టు అప్పటికీ నిర్ధారణ కాలేదు. వాళ్లలో కొందరు ప్రభుత్వానికి చెప్పకుండా తమంతట తాము కలిసి ఉండొచ్చు. అందరూ అలా కలిసి ఉంటారని అనుకోవడానికి ఆధారం లేదు.

మీ కన్నీళ్ల గురించి ఒక మాట. మిమ్మల్ని ఎమోషనల్ అన్నారు కదా, పిల్లల డాక్టర్లు అన్నది వినండి. అప్పట్లో అమెరికా పిల్లల వైద్యుల సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్న కొలీన్ క్రాఫ్ట్ దీన్ని పిల్లల మీద ప్రభుత్వం చేసే హింస అన్నారు. టెక్సాస్‌లో ఒక కేంద్రానికి వెళ్లినప్పుడు ఒక పసిపాప నేల మీద గుద్దుకుంటూ ఏడుస్తుంటే, సిబ్బంది పక్కన కూర్చుని బొమ్మలు ఇస్తున్నారట, ఎత్తుకోవడం లేదట. ఎత్తుకోవడానికి తమకి అనుమతి లేదని చెప్పారట. పసిపిల్లలకి భయం వేసినప్పుడు ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. అమ్మో నాన్నో దగ్గరికి తీసుకుంటే తగ్గుతాయి. దగ్గరికి తీసుకునే మనిషే లేకపోతే అవి రోజుల తరబడి అలాగే ఉండిపోయి, ఎదిగే మెదడుకి హాని చేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పిల్లల్ని చూసుకున్న అనా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హమ్ అప్పుడే గమనించి రాశారు: తల్లి పక్కనుంటే పిల్లలు బాంబుల్ని కూడా తట్టుకుంటున్నారు, తల్లి నుంచి వేరు చేస్తేనే చెదిరిపోతున్నారని. 2018లో తిరిగి కలిపినప్పుడు కొంతమంది చిన్నపిల్లలు అమ్మని గుర్తుపట్టలేదు, దగ్గరికి తీసుకోబోతే తోసేశారు. కొందరు ఆ తర్వాత అమ్మ పక్క గదిలోకి వెళ్లినా ఏడ్చేవాళ్లు. ఇది తెలిసిన మనిషికి గొంతు వణకడంలో వింతేమీ లేదు. నవ్వినవాళ్లకి ఇంకా తెలియదంతే, చెప్పండి.

ఒబామా విషయంలో బావగారి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కాదనకండి. 2014లో మధ్య అమెరికా దేశాల నుంచి పిల్లలు, కుటుంబాలు పెద్దసంఖ్యలో వచ్చినప్పుడు ఆ ప్రభుత్వం మీ టెక్సాస్‌లోనే కార్న్స్, డిలీ అనే చోట్ల కుటుంబాల నిర్బంధ కేంద్రాలు తెరిచింది. అది కూడా పిల్లలకి చేటేనని డాక్టర్లు అన్నారు. నిర్బంధంలో ఉన్న పిల్లల్ని ఎలా చూడాలో చెప్పే 1997 నాటి ఫ్లోరెస్ ఒప్పందం తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకీ వర్తిస్తుందని 2015లో జడ్జి డాలీ గీ తీర్పిచ్చాక, పిల్లల్ని సుమారు 20 రోజులకి మించి ఉంచకూడదన్న లెక్క వచ్చింది. అప్పుడు కూడా విడదీయడాలు జరిగాయి, కానీ తల్లిదండ్రుల వల్ల బిడ్డకి ప్రమాదం ఉన్నప్పుడో, సంబంధం అబద్ధమని అనుమానం వచ్చినప్పుడో విడివిడిగా చేసినవి. అలాంటి సందర్భాల్లో విడదీయడం అవసరం కూడా, పిల్లల్ని అద్దెకి తెచ్చుకునే స్మగ్లర్లు లేకపోలేదు. అందర్నీ ఒకే గాటన కట్టి విడదీసే విధానం మాత్రం 2018 నాటిదే.

ఇక్కడే ఒక జాగ్రత్త. మీ వాట్సాప్‌లో ఇనుప కంచెల వెనక పడుకున్న పిల్లల ఫొటోలు ఉంటే, పంపే ముందు తేదీ చూడండి. 2018లో బాగా తిరిగిన వాటిలో కొన్ని 2014లో అరిజోనాలో తీసినవి. టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఏడుస్తూ కనిపించిన హోండురాస్ పాపని తల్లి నుంచి నిజానికి విడదీయలేదు. ఒక్క తప్పు ఫొటో చూపిస్తే బావగారు దాన్నే పట్టుకుంటారు, మిగతా వేల మంది పిల్లలు పక్కకి వెళ్లిపోతారు.

క్యూ సంగతి దగ్గర ఆయన మీద జాలిపడండి, నిజంగానే అంటున్నాను. పన్నెండేళ్లు పనిచేసి, పన్నులు కట్టి, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తో బతకడం మామూలు విషయం కాదు. అర్జీ తేలేలోపు పిల్లలకి 21 ఏళ్లు నిండితే, వాళ్లు అమ్మానాన్నల దరఖాస్తులోంచి జారిపోతారు, వేరే వీసా తెచ్చుకోవాలి లేదా దేశం వదిలి వెళ్లాలి. ఆ బాధ ఆయన ఇంట్లోనూ ఉండే ఉంటుంది. కానీ ఆ క్యూ పొడుగు అవడానికి కారణం హోండురాస్ రైతు కాదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వెళ్లకూడదని 1990 నాటి చట్టం పెట్టిన పరిమితి దానికి కారణం. ఆశ్రయం పొందినవాళ్లు ఆ 1,40,000లోంచి ఒక్కటి కూడా తీసుకోరు. వాళ్లది వేరే దారి. సరిహద్దు రేపు పూర్తిగా మూసేసినా బావగారి వంతు ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

ఆ రైతు నిలబడటానికి క్యూ కూడా లేదు. డిగ్రీ లేనివాడికి, స్పాన్సర్ చేసే కంపెనీ లేనివాడికి, అమెరికాలో దగ్గరి బంధువు లేనివాడికి దరఖాస్తు చేసుకునే దారే దాదాపు ఉండదు. ఆశ్రయం అడగాలంటే సరిహద్దు దాకా రావాలి, లేదా దేశంలో ఉండి అడగాలి. ఎక్కడ దాటినా సరే, దేశంలో ఉన్న ఎవరైనా అడగొచ్చని చట్టం అక్షరాల్లో రాసి ఉంది. తర్వాతి ప్రభుత్వాలు, రెండు పార్టీలవీ, ఆ వెసులుబాటుని బాగా కుదించాయి. 2018లో అధికారిక ద్వారాల దగ్గరికే రమ్మని చెప్పి, వచ్చినవాళ్లని మళ్లీ రమ్మని వెనక్కి పంపారు. దానివల్ల కొంతమంది పక్కదారిన దాటి ఉండొచ్చని హోంలాండ్ సెక్యూరిటీ శాఖ పనిని తనిఖీ చేసే సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే ఆ ఏడాది సెప్టెంబర్‌లో రాశారు.

పసిపిల్లల్ని ఎడారికి ఎందుకు తెచ్చారన్న ప్రశ్నకి నా దగ్గర తేలిక జవాబు లేదు. 2019 జూన్‌లో అరిజోనా ఎడారిలో భారతదేశం నుంచి వచ్చిన ఒక పాప ఎండదెబ్బకి చనిపోయింది. ఏడో పుట్టినరోజుకి ఇంకా కొద్దిరోజులే ఉంది. తల్లి నీళ్ల కోసం వెళ్లింది, తిరిగి పాపని చూడలేదు. స్మగ్లర్లు వాళ్లని మారుమూల వదిలేసి, నడవమన్నారు. ఈ వార్త చదివినప్పుడు తల్లిదండ్రుల మీద కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. ఇంట్లో ఉంటే చంపేస్తారన్న భయంతో బయల్దేరినవాళ్లు ఉంటారు, ఏజెంటు మాటలు నమ్మి బయల్దేరినవాళ్లూ ఉంటారు, బయటినుంచి చూసి ఎవరు ఎవరో చెప్పలేం. కానీ తల్లిదండ్రులు తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నారనే అనుకుందాం. ఆ నిర్ణయంలో భాగం లేనిది బిడ్డ ఒక్కతే. ఎడారి దాటి ప్రాణాలతో చేరిన బిడ్డని, అప్పుడు అమ్మ చేతుల్లోంచి తీసుకుంటే శిక్ష ఎవరికి పడినట్టు?

ఇవన్నీ ఒకేసారి చెప్పకండి. పదిమంది ముందు, భోజనాల దగ్గర అసలు చెప్పకండి. అక్కడ బావగారు పెద్దవారు, తగ్గడం ఆయనకి కష్టం. పక్కన కూర్చున్నప్పుడు, ఆయన మనసు బాగున్నప్పుడు, "బావగారూ, సరిహద్దు విషయంలో మీతో నాకు పేచీ లేదు, కాంగో నుంచి వచ్చిన ఆ తల్లి విషయంలో మీరేమంటారు?" అని అడగండి. ఆ ఒక్కటే అడిగి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి. పాప అడిగిన ప్రశ్న కూడా ఆయనకి తెలియాలి. నిందగా కాకుండా, పిల్లలు వింటున్నారు, వాళ్లు పడుకున్నాక మాట్లాడుకుందాం అని చెప్పండి. తన ఇంట్లో కూడా పిల్లలున్న మనిషి, ఆ మాట కాదనరనుకుంటున్నాను.

మీవారి "మనకెందుకు"కి జవాబు కావాలంటే, ఇది ముగిసిపోయిన కథ కాదు. విడదీసిన కుటుంబాల కేసులో 2023 డిసెంబర్‌లో జడ్జి సబ్రా ఆమోదించిన ఒప్పందం అలాంటి విధానాన్ని మళ్లీ తేకుండా ఎనిమిదేళ్లపాటు ఆపుతుంది. అది 2031 డిసెంబర్‌తో అయిపోతుంది. కుటుంబాల్ని కలపడానికి 2021లో బైడెన్ ఏర్పాటుచేసిన కార్యదళానికి ఆధారమైన ఉత్తర్వుని ట్రంప్ 2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే రద్దు చేశారు. అమ్మమ్మతోనో, పెద్దక్కతోనో, బాబాయితోనో వచ్చిన పిల్లల్ని విడదీయడం అసలు ఆగనే లేదు, ఎందుకంటే 2008 చట్టం తల్లిదండ్రుల్ని, చట్టబద్ధ సంరక్షకుల్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మనుమరాలిని పెంచి పెద్దచేసిన అమ్మమ్మ ఆ కాగితం ముందు పరాయి మనిషే. పిల్లల్ని కాపాడటానికి చేసిన మంచి చట్టంలోనే ఈ లోటు ఉంది, దీన్ని సరిచేయమని అడగడానికి ఏ పార్టీవాళ్లకీ అడ్డు ఉండకూడదు.

మీకు చేతనైనది కూడా ఉంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇవ్వాలన్న నియమం పిల్లలకి సైతం లేదు. కిడ్స్ ఇన్ నీడ్ ఆఫ్ డిఫెన్స్ అనే సంస్థ ఈ పిల్లలకి ఉచితంగా లాయర్లని వెతికిపెడుతుంది. యంగ్ సెంటర్ అనే మరో సంస్థ, పిల్లలతో వారానికోసారి కలిసి మాట్లాడి, వాళ్లకి ఏది మంచిదో అధికారులకి చెప్పడానికి సాయపడే వాలంటీర్లకి శిక్షణ ఇస్తుంది. టెక్సాస్‌లో కూడా పనిచేస్తుంది. స్పానిష్ రాకపోయినా వెనకాడకండి, ఈ పిల్లల్లో స్పానిష్ రానివాళ్లు కూడా ఉంటారు, భారతదేశం నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. మీ వీసా షరతులు ఒకసారి లాయర్‌ని అడిగి చూసుకుని, ఎక్కడ మనుషులు కావాలో వాళ్లకే రాసి కనుక్కోండి.